గుమ్మాలకు కర్ర కొనే ముందు

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు.

గోడలు లేస్తున్నాయని, గుమ్మాలకు కర్ర చూస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. షాపువాడు ‘హార్డ్‌వుడ్ సార్, ఇక ఢోకా లేదు’ అన్నాడట. ఇన్నేళ్లు కలప అడితిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ ఒక్క మాటకి అడ్వాన్స్ ఇచ్చేయకు.

కొబ్బరి, తాడి లాంటివి వదిలేస్తే, పూలు పూసి కాయలు కాసే చెట్ల కర్రంతా హార్డ్‌వుడ్డే. టేకు, మద్ది, వేగిస, తుమ్మే కాదు, మామిడి కూడా. పైన్, దేవదారు లాంటివి సాఫ్ట్‌వుడ్. గట్టిదనంతో దీనికి సంబంధం లేదు. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి చేతిలో బరువే తెలియదు, అగ్గిపుల్లలకు వాడే బూరుగూ అంతే. ఆ రెండూ హార్డ్‌వుడ్డే! సరుగుడు చూస్తే పైన్‌లా ఉంటుంది గానీ అదీ పూలచెట్టే. అంటే షాపువాడు అబద్ధం చెప్పలేదు, నీకు పనికొచ్చే ముక్కా చెప్పలేదు.

నువ్వు అడగాల్సింది చేవ ఎంత అని. టేకు దుంగలో మధ్యనుండే గోధుమరంగు భాగమే చేవ, చెదలకు లొంగనిది అదే. చుట్టూ ఉండే తెల్లచెక్క పురుగుకి విందుభోజనం. గుమ్మం కింద మైదాపిండిలా సన్నపొడి రాలుతోందంటే ఆ తెల్లచెక్కలో పురుగు పడ్డట్టే. తోటల్లో పెంచి తొందరగా కొట్టేసిన టేకులో తెల్లచెక్క ఎక్కువ. పాలిష్ పెడితే ఏదీ తెలియదు కాబట్టి రంగు పూయని కర్రే చూడు.

చెక్క కొసని పదునైన చాకుతో నున్నగా చెక్కించి, కాస్త తడిచేసి వెలుతురులో పట్టుకో. టేకైతే సూదిమొనతో గుచ్చినట్టు బెజ్జాలు వలయాలుగా వరసకట్టి కనిపిస్తాయి. చెట్టు నీరు లాక్కున్న గొట్టాలవి. పైన్‌లో కంటికి ఆ బెజ్జాలు ఆనవు. చిత్రిక పడుతుంటే తోలు వాసన, వేలికి నూనె జిడ్డు తగిలితే ఇంకా మంచిది.

ఇల్లంతా టేకే పెట్టి అప్పులపాలవ్వకు. సింహద్వారానికి టేకు, లోపలి గుమ్మాలకు మద్దో వేగిసో చాలు. మద్ది బాగా బరువు, పచ్చిది బిగిస్తే పగుళ్లిస్తుంది. వేగిసకి తడి తగిలితే పసుపు దిగి గోడకి మరకలు పడతాయి, గోడవైపు ముందే ప్రైమర్ కొట్టించు. ఏ కర్రైనా నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి ఆరబెట్టిందే తీసుకో. పచ్చికర్ర గుమ్మం ఎండాకాలంలో మెలి తిరిగిందంటే తలుపు పడదు, ఆ టెన్షన్ నీకొద్దు.

లెక్క నువ్వే కట్టుకో. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 144తో భాగించు. 7 అడుగుల నిలువులు రెండు, 4 అడుగుల అడ్డాలు రెండు, 5 బై 3 అంగుళాల సైజులో అయితే ఒక గుమ్మానికి సుమారు 2.3 ఘనపుటడుగులు. బిల్లు తప్పకుండా తీసుకో. వడ్రంగి కొలతలు రాసిచ్చాకే అడితి మెట్లెక్కు.

ఇట్లు,
పెదనాన్న