చిన్నూ, ఆ కంపెనీ కాయితం మీద సంతకం పెట్టే ముందు

చిన్నూ,

మీ స్టూడెంట్ గ్రూపు ఒక పిల్లల చారిటీతో కలిసి క్యాంపెయిన్ చేస్తోందని, అమ్మకాల్లో కొంత ఆ చారిటీకి ఇస్తానని ఒక కంపెనీ కూడా ముందుకొచ్చిందని, అన్నిటికీ నువ్వే లీడ్ అని మీ అమ్మ చెప్పింది. వినగానే ఫోన్‌లో ఉన్న వాళ్ళందరికీ చెప్పేసుకున్నా, మా పిల్లే అని. తర్వాత గుబులు మొదలైంది. ఇదే పని చారిటీ వైపు కూర్చుని ఏళ్ల తరబడి చేసినదాన్ని కదా, ఎక్కడ కాలు జారుతుందో తెలుసు, అందుకే ఇంత పొడుగు మెసేజ్. విసుక్కోకుండా చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. కాలేజీ పేరు, లోగో వాడాలంటే రాతలో పర్మిషన్ తీసుకో. పరీక్షల టైంలో పెట్టుకోకు. డబ్బు మీ గ్రూపు అకౌంట్‌లోకి అసలు రానివ్వకు, కంపెనీ నుంచి నేరుగా చారిటీకే వెళ్లాలి.

నా భయమంతా ఎంత ఇస్తారన్న దాని గురించే. నేను పనిచేసే చోటికి ఒకసారి ఒక స్టూడెంట్ క్లబ్ వచ్చింది, నోటుబుక్కులమ్మే కంపెనీతో టై-అప్ అయి. క్లబ్ ప్రెసిడెంట్ మహా చురుకైన కుర్రాడు, నీలాగే, మాట్లాడితే ఎవరైనా సరేననాల్సిందే. అగ్రిమెంట్‌లో డబ్బు గురించి ఉన్నది ఒకే ఒక్క లైను, లాభాల్లో తగిన వాటా మా పిల్లల సెంటర్‌కి ఇస్తామని. లాభం ఎవరి లెక్క ప్రకారం, ఎప్పటికి ఇస్తారు అని మావాళ్లు అడిగితే, వాళ్లు మంచివాళ్లు మేడం, మొదట్లోనే డబ్బు మాట ఎత్తితే బాగోదు అన్నాడు. ఇక క్లబ్ పిల్లలు హాస్టళ్ల చుట్టూ తిరిగి తిరిగి అమ్మారు, పుస్తకాలు బాగానే పోయాయి కూడా. ఈలోపు ట్యూషన్ చెప్పే వాలంటీర్ ఒకరు నోరు ఆపుకోలేక ఆ డబ్బుతో కంప్యూటర్లు వస్తున్నాయని సెంటర్ పిల్లలకి చెప్పేశారు. ఇంకేముంది, గదిలో ఒక మూల బల్లలు జరిపి, తడిగుడ్డతో తుడిచి, ప్లగ్గు పాయింటు దగ్గర బ్యాగులు పెట్టొద్దని వాళ్లలో వాళ్లే రూలు పెట్టుకున్నారు. ఒక పిల్లయితే ప్రతి సోమవారం వచ్చి ఈ వారమేనా అని అడిగేది. చివరికి కంపెనీ లెక్క పంపింది, ప్రింటింగు, ట్రాన్స్‌పోర్టు, ప్రచారం ఖర్చు అన్నీ తీసేయగా మిగిలిన లాభం ఇంతే అని. ఆ చెక్కుతో ఒక్క కంప్యూటర్ కూడా రాదు. పోనీ మోసం అందామా అంటే కాయితంలో ఉన్నదే చేశారు. పైగా అదే చెక్కుని పెద్ద అట్ట మీద ప్రింట్ చేయించి పిల్లలతో ఫోటో దిగుతామన్నారు! ఆ కుర్రాడు సిగ్గుతో ఫోన్ ఎత్తడమే మానేశాడు, పాపం, వాడి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. కానీ ఆ క్యాంపస్‌లో తర్వాత ఏ గ్రూపు విరాళమని వెళ్లినా, ముందు ఆ కంప్యూటర్లు వచ్చాయా అని అడిగేవాళ్లు.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదులే. 1999లో యోప్లే పెరుగు కంపెనీ, కప్పు మూత పంపితే రొమ్ము క్యాన్సర్ ఫౌండేషన్‌కి 50 సెంట్లు ఇస్తామంది, కానీ మొత్తం మీద లక్ష డాలర్ల వరకే అని పరిమితి పెట్టుకుంది, అది అమెరికాలోని జార్జియా రాష్ట్ర అటార్నీ జనరల్, అంటే ఆ రాష్ట్ర ప్రభుత్వ పెద్ద లాయరు దాకా వెళ్లింది. అదే 1983లో క్రెడిట్ కార్డుల కంపెనీ అమెరికన్ ఎక్స్‌ప్రెస్ చూడు, స్టాట్యూ ఆఫ్ లిబర్టీ మరమ్మతుల కోసం కార్డు వాడిన ప్రతిసారీ ఒక్క సెంటు, కొత్త కార్డుకి ఒక డాలరు అని ముందే చెప్పేసింది. సెంటంటే ఏముంది, అయినా 17 లక్షల డాలర్లు పోగయ్యాయి, వాళ్ల కార్డుల వాడకమూ పెరిగింది. కంపెనీ బాగుపడితే నాకేం బాధ లేదు.

కాబట్టి ఒక్కో వస్తువుకి ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పరిమితి ఉంటే ఎంత, చారిటీకి ఎప్పటిలోగా జమ చేస్తారు, ఇవన్నీ కాయితంలో ఉండాలి, పోస్టర్ మీద కూడా కనపడాలి. అమ్మకాలు ఎలా ఉన్నా కనీసం ఇంత ఇస్తామని రాయించుకో. మొహమాటపడకు, క్యాంపస్‌లో మీ మాటకున్న నమ్మకం కోసమే వాళ్లు మీ దగ్గరికొచ్చారు, దాని విలువ మీకంటే వాళ్లకే బాగా తెలుసు. మీ మెంబర్ల ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీల లిస్టు అడిగితే మాత్రం ఇవ్వొద్దు. డబ్బు జమయ్యేదాకా సెంటర్ పిల్లలకి ఒక్క ముక్క కూడా చెప్పొద్దు, ఎవరు చెప్పినా నేనే వచ్చి తిడతా.

ఇంకోటి. పోయిన వారం మీ చారిటీ సెంటర్‌లో పిల్లల మొహాలు కనపడేలా రీల్ పెట్టావు. తీసెయ్, ఇది చదవగానే. అమ్మానాన్నల పర్మిషన్, చారిటీ పర్మిషన్ రెండూ ఉండాలి, అదే ఫోటో కంపెనీ యాడ్‌లో వాడుకోవాలంటే దానికి మళ్లీ విడిగా అడగాలి. స్కూలు బ్యాడ్జీ కూడా కనిపిస్తోంది అందులో, ఎవరు చూస్తారో ఏమో. తిట్టాననుకోకు, నువ్వు నేల మీద కూర్చుని ఆ బుడ్డోడికి పెన్సిల్ ఎలా చెక్కాలో చూపిస్తుంటే మళ్లీ మళ్లీ చూసి మురిసిపోయా, చిన్నప్పుడు నా పెన్సిళ్లన్నీ చెక్కి చెక్కి అరగొట్టేసిన పిల్లవి నువ్వు. అయినా తీసెయ్.

ఈ ఏడాది బాగా జరిగితే వచ్చే ఏడాది కొత్త చారిటీ వెతుక్కోవద్దు. పెన్ స్టేట్ యూనివర్సిటీ పిల్లలు 1973లో మొదలుపెట్టిన డాన్స్ మారథాన్, థాన్ అంటారు, 1977 నుంచీ క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసం పనిచేసే ఫోర్ డైమండ్స్‌కే డబ్బిస్తోంది. విద్యార్థులు మారిపోతూనే ఉన్నారు, చారిటీ మాత్రం మారలేదు. మీరేమో పాసై వెళ్లిపోతారు, కాబట్టి ఇప్పటినుంచే జూనియర్లని ప్రతి మీటింగ్‌లో కూర్చోబెట్టు, లెక్కలు వాళ్ల చేతే రాయించు.

అగ్రిమెంట్ డ్రాఫ్ట్ రాగానే నాకు పంపు. ఫోటో తీసి పంపకు, ఆ చిన్న అక్షరాలు నాకు కనపడి చావవు, పీడీఎఫ్ పంపు.

పెద్దమ్మ