షిమానో సైకిళ్ళు తయారు చెయ్యదు కదా, మరి ఏ గేర్ల సైకిల్ చూసినా ఆ పేరే ఎందుకు?

సైకిల్ చెయ్యదు, నిజమే. గేర్లు, బ్రేకులు, హబ్‌లు, పెడళ్ళు చేసి సైకిల్ కంపెనీలకి అమ్ముతుంది. 1921లో షోజబురో షిమానో జపాన్‌లోని సకాయ్‌లో మొదలుపెట్టారు. కత్తులకీ తుపాకులకీ పేరుపడ్డ ఊరది, ఇనుము పని తెలిసిన చేతులకి కొదవ లేదు. మొదటి సరుకు ఫ్రీవీల్. తొక్కడం ఆపినా చక్రం తిరిగేది దానివల్లే.

అంత పేరు ఎందుకంటే, నేను చెప్పేది క్లిక్ గురించే. నేను మొదట తొక్కిన గేర్ల సైకిల్‌కి మీట ఫ్రేమ్ మీద ఉండేది, క్లిక్కులు లేవు. హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి, చైన్ గరగర ఆగేదాకా మీటని కొంచెం కొంచెంగా జరపాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒకటే టెన్షన్. తర్వాత క్లిక్‌మనగానే గేర్ మారే సైకిల్ ఎక్కితే ప్రాణం లేచొచ్చింది.

ఆ క్లిక్ పద్ధతిని షిమానో 1984లో, రేసు సైకిళ్ళ కోసం చేసే డ్యూరా-ఏస్ గేర్లలో ఎస్ఐఎస్ (షిమానో ఇండెక్స్ సిస్టమ్) పేరుతో తెచ్చింది. క్లిక్కులు అంతకుముందూ ఉన్నాయి, కానీ సరిగ్గా కుదిరేవి కావు. షిమానో మీట, కేబుల్, డిరైలర్ (చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకి జరిపే భాగం), వెనక పళ్ళచక్రాలుండే ఫ్రీవీల్, చైన్ అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా కలిపి చేసింది. ఇంకో జపాన్ కంపెనీ సన్‌టూర్ 1964లోనే ఏటవాలుగా కదిలే డిరైలర్ కనిపెట్టింది. అలా కదలడం వల్ల పళ్ళచక్రం చిన్నదైనా పెద్దదైనా డిరైలర్ దానికి దాదాపు ఒకే దూరంలో ఉంటుంది. ఆ పేటెంట్ గడువు 1984లో తీరిపోయింది, షిమానో ఆ పద్ధతినే వాడుకుంది. సన్‌టూర్‌కి రావాల్సినంత పేరు రాలేదని నాకు ఇప్పటికీ బాధే.

మీ సైకిల్ వెనక పళ్ళచక్రాలని ఒకసారి వంగి చూడండి. షిమానో వాళ్ళ హైపర్‌గ్లైడ్ రకమైతే కొన్ని పళ్ళు పొట్టిగా, పక్కన గాడి చెక్కినట్టు ఉంటాయి. చైన్ అక్కడే పట్టు దొరకబుచ్చుకుని పై చక్రానికి ఎక్కుతుంది. అందుకే కాస్త బలంగా తొక్కుతున్నా గేర్ మారిపోతుంది. 1990లో బ్రేక్ మీటలోనే గేర్ మీటని కలిపేశారు, 2009లో డ్యూరా-ఏస్‌కి కరెంటుతో మారే డీఐ2 వచ్చింది.

కొనేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి. చవక సైకిళ్ళలో చాలాసార్లు వెనక డిరైలర్ ఒక్కటే షిమానో, మీటలూ ఫ్రీవీలూ వేరేవి ఉంటాయి. మీటల మీద ఏ పేరుందో కూడా చూసి తీసుకోండి.