లింక్ డాక్యుమెంట్లు అడగకుండా సీసా కొనకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బోనస్ డబ్బుతో ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పిందనడం కన్నా, "వాడు మందు మొదలుపెట్టాడా అన్నయ్యా?" అని అడిగిందనాలి. తాగడానికి కాదే, దాచి ధర పెరిగాక అమ్మడానికి అన్నాను. నమ్మినట్టు లేదు.

మనవాళ్లు ప్లాటు కొనేముందు ఈసీ తీయిస్తారు, లింక్ డాక్యుమెంట్లన్నీ లాయరుకి చూపిస్తారు. పాత వైన్‌కీ అంతే. లేబుల్ చూసి మురిసిపోకు. తోటలోంచి బయటికొచ్చాక ఎవరెవరి చేతులు మారింది, ఏ గోడౌన్‌లో ఎన్నేళ్లు ఉంది, ఆ కాగితాలు అడుగు. 2008లో న్యూయార్క్ వేలానికి, ఫ్రాన్స్‌లోనే బర్గండీ ప్రాంతంలో వైన్ చేసే పోన్సో కుటుంబం వాళ్ల క్లో సాన్ దెని అనే వైన్ సీసాలు వచ్చాయి, 1945 నుంచి 1971 దాకా పంటలవి అని. ఆ ఇంటివాళ్లు ఆ వైన్ చేయడం మొదలుపెట్టిందే 1982లో! ఆ ఇంటి లోరాన్ పోన్సో పట్టుబట్టి వాటిని వేలంలోంచి తీయించాడు. అమ్మకానికి పెట్టిన రూడీ కుర్నియావాన్‌కి 2014లో పదేళ్ల జైలు పడింది. అతని దగ్గర కొని మోసపోయినవాళ్లలో కోటీశ్వరులున్నారు. చదువుకున్నవాళ్లే.

నా సంగతీ విను. ఒక కంపెనీ దగ్గర మూడు కేసులు, అంటే మూడు పెట్టెల సీసాలు, కొన్నాను. రసీదు ఉంది, అదే చాలనుకున్నాను. కంపెనీ దివాలా తీశాక తెలిసింది, గోడౌన్ రికార్డులో సరుకంతా కంపెనీ పేరునే ఉందని. రెండేళ్లు ఉత్తరాలు రాస్తే ఒక కేసు చేతికొచ్చింది. అందుకే చెబుతున్నా, బాండెడ్ గోడౌన్‌లో, అంటే కస్టమ్స్ అదుపులో ఉండే గోడౌన్‌లో, ఖాతా నీ పేరున తెరువు. ఇక్కడ బ్రిటన్‌లో సరుకు ఆ గోడౌన్‌లో ఉన్నంత కాలం సుంకం, 20 శాతం వ్యాట్ కట్టక్కర్లేదు. రేపు కొనేవాడు కూడా అక్కడే ఉన్న కేసుకే మంచి ధర ఇస్తాడు. ఇంట్లో పెట్టుకుంటానంటావేమో, వద్దు. 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి, కాస్త తేమ కావాలి దానికి. మెట్ల కింద పెట్టిన నా కేసు పక్కనుంచి బాయిలర్ పైపు పోతోందని నాకు తట్టలేదు. రెండు వేసవులకి కార్కులు పైకి తన్నుకొచ్చాయి.

ఏం కొనాలంటావా? 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం బోర్డో దళారులు తోటలకి తరగతులు కట్టారు, అదీ అప్పటి ధరల్ని బట్టి. లఫీట్, లాటూర్, మార్గో, ఓబ్రియాన్ మొదటి తరగతి. మూటాన్‌కి ఆ హోదా 1973లో గానీ రాలేదు. నీ డబ్బుకి వాటి జోలికి వెళ్లకు. లించ్ బాజ్‌ది ఆ పట్టికలో ఐదో తరగతే, కానీ మార్కెట్ దానికి అంతకంటే పై ధరే ఇస్తుంది. లెయోవిల్ బార్టన్ కూడా నాకిష్టం. 2005, 2009, 2010, 2016 పంటల్లో, చెక్కపెట్టె తెరవని పూర్తి కేసు తీసుకో. విడి సీసాలు అమ్మడం కష్టం. బర్గండీలోని రొమానీ కోంటీ తోట వైన్ గురించి అడిగావు. ఆ తోటంతా కలిపి నాలుగున్నర ఎకరాలు. 1945 నాటి సీసా ఒకటి 2018లో 5,58,000 డాలర్లకి పోయింది. మనం ఫొటో చూసి సంతోషిద్దాం.

ఆన్ ప్రిమర్ అని వసంతంలో ఆఫర్లొస్తాయి. వైన్ ఇంకా పీపాల్లోనే ఉంటుంది, డబ్బు ఇప్పుడు కట్టాలి, సీసా రెండేళ్ల తర్వాత. హైదరాబాద్‌లో ప్రీ లాంచ్ ఫ్లాట్ లాంటిదే. ఒకప్పుడు చవగ్గా దొరికేది గనక అర్థముంది. ఇప్పుడు చాలాసార్లు అదే తోట పాత పంట, సిద్ధంగా ఉన్నది, అంతకంటే తక్కువకే దొరుకుతోంది. లాటూర్ వాళ్లయితే 2012లోనే ఆ పద్ధతి మానేశారు.

ఇంకో సంగతి, దీనికి అద్దె రాదు, వడ్డీ రాదు. పైగా గోడౌన్‌కి ఏటా మనమే కట్టాలి, అమ్మేటప్పుడు కమిషనూ పోతుంది. హాంగ్‌కాంగ్ 2008లో వైన్ మీద పన్ను తీసేశాక చైనావాళ్లు లఫీట్ కోసం ఎగబడ్డారు. 2011లో ఆ ధర జారితే, శిఖరం మీద కొన్నవాళ్లు ఏళ్ల తరబడి కోలుకోలేదు. 2022 చివర్నుంచీ వైన్ ధరలు మళ్లీ దిగాయి. పదేళ్లు మర్చిపోగలిగిన డబ్బే పెట్టు. పెళ్లికని దాచింది ముట్టుకోకు.

నీకొచ్చిన ఆఫర్ కాగితాలు పట్టుకుని శనివారం ఇంటికి రా. అత్తయ్య పెసరట్లు వేస్తానంది. అప్పటిదాకా పైసా కట్టకు.

మీ మామయ్య