పన్ను లేదనే ఒక్క మాట మీద దేశం ఎంచుకోవద్దు

దుబాయ్, అబుదాబి, దోహా, రియాద్‌లలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఆ మాట నిజం. ఒప్పందంలో 20 వేల దిర్హాములని రాస్తే నెలాఖరుకు బ్యాంకులో 20 వేలే పడతాయి. అందుకే హైదరాబాద్ నుంచీ, విజయవాడ నుంచీ, ఈమధ్య డాలస్ నుంచి కూడా నన్ను అడిగేది ఒకటే: ఏ దేశానికి వెళితే పన్ను తక్కువ? నేను చాలా ఏళ్లుగా యూఏఈలో కాపురం ఉంటున్నాను. మనవాళ్ల లెక్కలూ కాగితాలూ చూసిపెడుతుంటాను. పన్ను సంగతి తేల్చుకోవడం తేలిక. ఇల్లూ బడీ పోగా చేతిలో ఎంత మిగులుతుంది, ఉద్యోగం పోతే ఆ దేశంలో ఎన్నాళ్లు ఉండనిస్తారు అన్నవి అంతకంటే ముందు అడగవలసినవి. వాటిని అడగకుండా సామాను సర్దుకుంటున్న వాళ్లను చూస్తే నాకు దిగులుగా ఉంటుంది.

ముందు చిన్న జీతాల మీద వచ్చేవాళ్ల గురించి చెప్పాలి, ఎక్కువగా నష్టపోయేది వాళ్లే. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల్లో కొందరు ఏజెంట్లు "పన్ను లేని జీతం" అని ఊరిస్తారు. నెలకు 1,200 దిర్హాములంటే ఏడాదికి మూడు, మూడున్నర లక్షల రూపాయలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు మన దేశంలోనే పన్ను కట్టనక్కర్లేదు. మరి ఈ మూడు లక్షల మీద తప్పించుకున్న పన్ను ఏముంది? ఏమీ లేదు. ఆ మాట పక్కన పెట్టి తిండి, బస ఎవరివి, ఓవర్‌టైం ఎలా లెక్కకడతారు, తిరుగు టికెట్ ఎవరు కొంటారు అని అడగండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉందో లేదో చూడండి. చట్టప్రకారం అతను తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడుగుతున్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా కొన్ని వందల రూపాయలకే వస్తుంది, దాన్ని వదులుకోవద్దు. విదేశాలకు వెళ్లేవారి కోసం ప్రభుత్వ సంస్థలున్నాయి: తెలంగాణ వారికి టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ వారికి ఏపీఎన్‌ఆర్‌టీ. అప్పు చేసి డబ్బు కట్టకముందే వాటిని సంప్రదించాలి.

పెద్ద జీతాల వాళ్లు ఎక్కువగా పొరబడేది విమానం ఎక్కే తేదీ దగ్గర. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఉద్యోగం కోసం దేశం విడిచే భారత పౌరుడు ఆ సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో గడిపితే, పన్ను చట్టం దృష్టిలో ఆ ఏడాదంతా రెసిడెంటే. రోజులు లెక్కేస్తే సెప్టెంబరు 28 లోపు బయల్దేరినవారు ఎన్నారై అవుతారు. నవంబరులో బయల్దేరినవారు కారు. అలాంటివారు మార్చి దాకా దుబాయ్‌లో తీసుకున్న జీతాన్ని కూడా ఇండియా రిటర్నులో చూపించి, దాని మీద పన్ను కట్టాలి. వేరే దేశమైతే అక్కడ కట్టిన పన్నును మన దగ్గర తగ్గించుకోవచ్చు. యూఏఈలో కట్టిన పన్నే లేనప్పుడు తగ్గించుకునేదీ ఉండదు. పన్ను లేని దేశానికి వచ్చి కూడా మొదటి అయిదు నెలల జీతం మీద ముప్పై శాతం దాకా సమర్పించుకోవలసి వస్తుంది. చేరే తేదీ గురించి కంపెనీతో మాట్లాడుకునే వీలుంటే ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. సెప్టెంబరులో వచ్చి, దీపావళికీ సంక్రాంతికీ ఇంటికి వెళ్లి నెలల తరబడి ఉండిపోయినా ఆ రోజులూ లెక్కలోకి వస్తాయి.

ఆ తర్వాతి సంవత్సరాల్లో ఇంకో గీత ఉంది. 2020లో చట్టం మార్చారు. ఇండియాలో అద్దెలు, వడ్డీలు, షేర్ల ద్వారా 15 లక్షలకు మించి ఆదాయం ఉన్న భారత పౌరుడు ఏ దేశంలోనూ పన్ను పరిధిలోకి రాకపోతే, అసలు ఇండియాలో అడుగు పెట్టకపోయినా అతన్ని రెసిడెంటుగా భావిస్తారు. ఇది విని చాలామంది బెంబేలెత్తిపోతారు. అంత భయం అక్కర్లేదు. అతన్ని మామూలు రెసిడెంటుగా చూడరు కాబట్టి గల్ఫ్ జీతం జోలికి రారు. ఇండియాలో కూర్చుని నడిపే వ్యాపారం మీద బయట వచ్చే లాభానికి మాత్రం పన్ను పడుతుంది. ఇదే 15 లక్షల ఆదాయం ఉన్నవారు సెలవుల మీద వచ్చినప్పుడు 182 రోజుల వెసులుబాటును నమ్ముకోకూడదు. వారికి 120 రోజుల దగ్గరి నుంచే చిక్కు మొదలవుతుంది. పాస్‌పోర్టు ముద్రల తేదీలు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఎప్పుడో మూడేళ్ల తర్వాత నోటీసు వస్తే జ్ఞాపకం మీద ఆధారపడలేము.

బ్యాంకు పని కూడా వచ్చిన కొత్తలోనే ముగించండి. ఊళ్లో ఉన్న పొదుపు ఖాతాను ఎన్నార్వోగా, అంటే ఎన్నారైల ఇండియా ఆదాయం జమయ్యే ఖాతాగా, మార్పించాలి. ఇక్కడి సంపాదన పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఎన్నార్వో వడ్డీలో 30 శాతం, దాని మీద సెస్సు మూలంలోనే కోసేస్తారు. యూఏఈ ఫెడరల్ ట్యాక్స్ అథారిటీ ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం చూపిస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది 12.5 శాతానికి దిగుతుంది. ధ్రువపత్రానికి రుసుము ఉంటుంది, వడ్డీ కొద్దిగానే ఉన్నవారికి అది గిట్టుబాటు కాదు. ఊళ్లో స్థలం అమ్మితే మాత్రం ఏ దేశంలో ఉన్నా దాని లాభం మీద ఇండియాలో పన్ను లెక్క చూపాల్సిందే.

ఇక ఖర్చుల సంగతి. దుబాయ్‌లో ఇంటి అద్దె ఏడాదికి మాట్లాడుకుంటారు, ముందు తేదీలు వేసిన చెక్కులు ఇవ్వాలి. ఎన్ని తక్కువ చెక్కులిస్తే బేరానికి అంత వీలు. అంటే ఉద్యోగంలో చేరిన నెలలోనే పెద్ద మొత్తం చేతిలో ఉండాలి. వార్షిక అద్దెలో 5 శాతం మునిసిపాలిటీ రుసుముగా కరెంటు, నీళ్ల బిల్లుతో కలిసి నెలనెలా వస్తుంది. 2018 నుంచి వస్తువుల మీద 5 శాతం వ్యాట్ ఉంది. అన్నిటికంటే బరువైనది బడి. మన పిల్లలు చదివేవి ప్రైవేటు బడులే. సీబీఎస్‌ఈ బడుల ఫీజుల్లో చాలా తేడాలున్నాయి, తక్కువ ఫీజు బడుల్లో సీటు దొరకడం కష్టం.

దీన్ని సింగపూర్‌తో పోల్చి చూడండి. అక్కడ పన్ను ఉంది కాబట్టి చాలామంది ఆ పేరే ఎత్తరు. కానీ పన్ను లెక్కకు వచ్చే ఆదాయం ఏడాదికి 1,20,000 సింగపూర్ డాలర్లయితే కట్టేది 7,950 డాలర్లు, ఏడు శాతం కూడా కాదు. ఆ తేడాను ఒక్క పడకగది ఎక్కువున్న ఇల్లు మింగేస్తుంది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పెళ్లి కాని పాతికేళ్ల ఉద్యోగికి గల్ఫ్‌లో మిగిలినంత ఇంకెక్కడా మిగలడం కష్టం. ఇద్దరు బడి పిల్లలున్న మధ్యస్థ జీతం కుటుంబానికి ఆ మాట వర్తించదు. వారు ఇల్లు, బడి, ఆరోగ్య బీమా మూడూ వేసుకున్నాకే మాట్లాడాలి. కంపెనీ బీమా మీకే ఉంటుందా, భార్యాపిల్లలకు కూడానా అని తప్పక అడగండి.

సౌదీలో జీతం మీద పన్ను లేకపోయినా, వెంట ఉండే ప్రతి కుటుంబ సభ్యుడికీ నెలకు 400 రియాళ్ల రుసుము ఉంది. భార్య, ఇద్దరు పిల్లలకు ఏడాదికి 14,400 రియాళ్లు. 2020 నుంచి వ్యాట్ 15 శాతం. ఒమన్ 2028 నుంచి ఏడాదికి 42 వేల రియాళ్లు దాటిన ఆదాయం మీద 5 శాతం పన్ను వేస్తామని ప్రకటించింది. ఈ రోజు లేని పన్ను ఎప్పటికీ ఉండదని అనుకోకూడదు.

డాలస్ నుంచి అడిగేవారికి నా సమాధానం వేరు. అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉంటే దుబాయ్ వచ్చినా అమెరికా రిటర్ను వేయక తప్పదు. 2025కి జీతంలో 1,30,000 డాలర్ల వరకు, షరతులకు లోబడి, మినహాయింపు ఉంది. అద్దెలు, వడ్డీలు, షేర్ల లాభాలు ఆ మినహాయింపులోకి రావు. చాలా ఏళ్లు గ్రీన్‌కార్డు ఉంచుకుని వదులుకునేవారు నిష్క్రమణ పన్ను సంగతి నిపుణులతో ముందే చూపించుకోవాలి.

చివరగా, ఉండడం గురించి. యూఏఈలో మామూలు వీసా ఉద్యోగానికి కట్టుబడి ఉంటుంది. ఉద్యోగం పోతే కొద్ది గడువు ఇస్తారు, ఆలోగా ఇంకోటి దొరకాలి. ఇరవై ఏళ్లు పనిచేసినా పౌరసత్వం వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. పదేళ్ల గోల్డెన్ వీసాకు ఆస్తి దారిలో వెళ్లాలంటే 20 లక్షల దిర్హాముల ఇల్లు ఉండాలి. ప్రవాసులకు ఇక్కడ ప్రభుత్వ పింఛను లేదు. వెళ్లేటప్పుడు వచ్చేది గ్రాట్యుటీ. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం.

ఇక్కడ బేసిక్ అన్న మాటను పట్టుకోండి. మొత్తం జీతం 20 వేలైనా కొన్ని కంపెనీలు బేసిక్ 8 వేలే రాసి మిగతాది అలవెన్సుల్లో చూపిస్తాయి. పదేళ్లు పనిచేస్తే అప్పుడు వచ్చేది 68 వేల దిర్హాములు. అదే బేసిక్ 12 వేలుంటే 1,02,000. నెల జీతం ఒక్కటే అయినా తేడా 34 వేలు. ఆఫర్ లెటర్ చేతికి రాగానే ముందు ఆ వరుస చూడండి, పెంచమని అడగండి. సంతకం అయ్యాక అడిగి ప్రయోజనం ఉండదు.