పాత క్యామ్రీకి ఆక్సిజన్ సెన్సర్: ఏది కొనాలి, డబ్బు ఎక్కడ తగలేస్తారు

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు, బ్రాడీపేట. ఒహాయోలో అక్రన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. 2007 క్యామ్రీ, నాలుగు సిలిండర్లది, సీనియర్ దగ్గర కొన్నాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్పేర్ పార్ట్స్ షాపులో ఉచితంగా కోడ్ చూసి పి0031 వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ మార్చమన్నారు. ఆన్‌లైన్‌లో ముప్పై డాలర్లకీ ఉంది, డీలర్ దగ్గర మూడొందలు చెబుతున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో మా బావకి తెలిసిన షాపుంది. వచ్చే నెల అమ్మావాళ్ళు వస్తున్నారు, వాళ్ళతో తెప్పించుకోనా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆటోనగర్ సంగతి తేల్చేద్దాం. వద్దు. అక్కడ దొరకని సామాను లేదన్న మాట నిజమే గానీ, 2007లో మన దగ్గర పొగ నిబంధనలు వేరు, ఇక్కడివి వేరు. పేరు క్యామ్రీయే అయినా సెన్సరూ దాని ప్లగ్గూ ఒకటేనని నమ్మడానికి లేదు. సరిపోకపోతే వాపసు ఇవ్వడానికి బెజవాడ పోతావా? అమ్మావాళ్ళ సూట్‌కేసులో ఆ జాగా గోంగూర పచ్చడికి వదిలెయ్.

ఇక కోడ్ విషయం. ఆక్సిజన్ సెన్సర్ అంటే ఎగ్జాస్ట్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి బండి కంప్యూటర్‌కి చెప్పేది. పి0031 అంటే మొదటి బ్యాంకు (సిలిండర్ల వరుస), మొదటి సెన్సర్, హీటర్ సర్క్యూట్‌లో కరెంటు తక్కువ. ఆక్సిజన్ లెక్క తప్పిందని కాదు, సెన్సర్‌ని వేడిచేసే చిన్న హీటర్‌కి సంబంధించిన గొడవ. నీ ఇంజిన్‌కి ఒకటే బ్యాంకు. మొదటి సెన్సర్ క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (పొగని శుభ్రం చేసే డబ్బాకి) ముందుంటుంది, రెండోది వెనక. చాలామంది కొత్తవాళ్ళు ఈ తేడా చూడకుండా చేతికి సులువుగా అందే వెనకదాన్ని మార్చేసి, లైటు ఆరలేదేంటని మొత్తుకుంటారు. వంద డాలర్లు గంగపాలు.

కొనేముందు పైసా ఖర్చు లేని పరీక్షలు ఉన్నాయి. హుడ్ కింద ఫ్యూజు పెట్టె మూత మీద పటం ఉంటుంది. హీటర్‌కి కరెంటిచ్చే ఫ్యూజు మాడిందేమో చూడు. తర్వాత సెన్సర్ ప్లగ్ విప్పి లోపల పచ్చటి తుప్పు పట్టిందా, తీగ ఎక్కడైనా ఎగ్జాస్ట్‌కి తగిలి కరిగిందా చూడు. అక్రన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ప్లగ్గులు పాడయ్యేది దానివల్లే. అవి బాగుంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పెట్టి సెన్సర్ వైపు ప్లగ్‌లో హీటర్ పిన్నులు రెండింటి మధ్య కొలువు. టొయోటా ముందు సెన్సర్‌లో రెండు మూడు ఓమ్‌ల దగ్గర రావాలి. మీటర్ అంకె ఏదీ చూపకుండా ‘OL’ అంటే హీటర్ తీగ తెగినట్టే, అప్పుడు కొను. ఈ పది నిమిషాల పని చెయ్యకుండా డబ్బు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్టైపెండ్ డబ్బులు కదా, చెట్టుకి కాయవు.

ఇప్పుడు అసలు కిటుకు. నీ బండిలో ముందుది మామూలు ఆక్సిజన్ సెన్సర్ కాదు, ఎయిర్-ఫ్యూయల్ రేషియో సెన్సర్, అంటే గాలీ పెట్రోలూ ఏ పాళ్ళలో ఉన్నాయో కొలిచేది. వెనకది మాత్రమే పాత రకం, అంటే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య పనిచేసేది. రెండిటికీ నాలుగేసి తీగలే, మర కొలత కూడా చాలా బళ్ళలో ఒకటే, 18 మిల్లీమీటర్లు. కాబట్టి తప్పు సెన్సర్ కూడా బిగుసుకుంటుంది, కానీ కంప్యూటర్‌కి దాని మాట అర్థం కాదు. ‘యూనివర్సల్’ అని ముప్పై డాలర్లకి దొరికేవాటి ప్లగ్ కత్తిరించి తీగలు అతికించుకోవాలి. ముందు సెన్సర్‌కి ఆ దారి అసలే వద్దు. చాలా సెన్సర్లకి పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలి తీగల సందుల్లోంచే లోపలికి పోతుంది. అందుకే అక్కడ సోల్డరింగ్ చేసినా, ప్లగ్‌లో గ్రీజు నింపినా, ఆ దారి మూసుకుపోయి రీడింగ్ తప్పుతుంది.

ప్లగ్‌తో సహా నీ బండికే చేసినది తీసుకో. సెన్సర్లు చేసే కంపెనీల్లో టొయోటాకి డెన్సో, ఐరోపా బళ్ళకి బాష్, హోండా, నిస్సాన్‌లలో చాలావాటికి ఎన్‌టీకే గానీ డెన్సో గానీ. కంపెనీవాళ్ళు మొదట బిగించినది ఎవరిదో వాళ్ళదే కొనాలి. డీలర్ దగ్గర టొయోటా డబ్బాలో మూడొందలకి దొరికే సరుకు తయారయ్యేది సాధారణంగా డెన్సో దగ్గరే. అదే డెన్సో డబ్బాలో అయితే వంద, నూట యాభై మధ్యలో దొరుకుతుంది. రాక్‌ఆటో లాంటి ఆన్‌లైన్ పార్ట్స్ షాపుల్లో ఇంకాస్త తగ్గొచ్చు. పెద్ద వెబ్‌సైట్లలో ఎవరో మూడోవాడు అమ్మే ‘డెన్సో’ మరీ చవగ్గా కనిపిస్తే నకిలీ అని అనుమానించు.

ఆర్డర్ పెట్టేముందు హుడ్ లోపలివైపు పొగ నిబంధనల స్టిక్కర్ చదువు. అదే ఏడాది, అదే ఇంజిన్ క్యామ్రీల్లో కూడా కాలిఫోర్నియా తరహా పీజెడ్‌ఈవీ (పొగ మరీ తక్కువ వదిలే రకం) బళ్ళకి సెన్సర్లు వేరుగా ఉంటాయి. సీనియర్ ఆ బండిని ఎక్కడి నుంచి తెచ్చాడో ఎవరికి తెలుసు! స్టిక్కర్ మీద ఏముందో దానికి తగ్గ నంబరే కొను.

ఇంకొకటి: నీ బండిలో ఉన్నలాంటి ఆ ఏడాది 2.4 లీటర్ ఇంజిన్లకి ఆయిల్ తాగే జబ్బుందని అందరికీ తెలిసిందే. డిప్‌స్టిక్ చూశావా? ఆయిల్ మండుతుంటే ఆ మసి కొత్త సెన్సర్‌కి పట్టి దాన్నీ చంపుతుంది. కూలెంట్ లీకై సిలిండర్‌లోకి పోయినా, గ్యాస్కెట్‌కి మామూలు సిలికాన్ పూసినా అంతే.

బిగించడం నీవల్లే అవుతుంది. మెకానిక్‌కి గంటకి వంద డాలర్లు దాటడం ఇక్కడ మామూలే, ఆటోనగర్ కూలి లెక్కలు మర్చిపో. 22 మిల్లీమీటర్ల సెన్సర్ సాకెట్ కావాలి, పక్కన తీగ పట్టే చీలిక ఉంటుంది. ఆటోజోన్ లాంటి స్పేర్ పార్ట్స్ షాపులో డిపాజిట్ కట్టి అరువు తెచ్చుకో, తిరిగిస్తే డబ్బు మొత్తం వాపసు వస్తుంది. ముందురోజు రాత్రి మర మీద పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పు వదిలించే నూనె) కొట్టి ఉంచు. మర్నాడు ఇంజిన్ కొద్దిసేపు నడిపి ఆపు, గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పు. మరీ చల్లగా ఉంటే తుప్పు వదలదు, మర చెడుతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. ముందు సెన్సర్ ఇంజిన్ వెనకవైపు, క్యాబిన్ గోడ దగ్గరుంటుంది కాబట్టి పొడవాటి ఎక్స్‌టెన్షన్ పెట్టుకో.

కొత్తదాని మర మీద యాంటీ-సీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) పూసే ఇస్తారు, నువ్వు మళ్ళీ పూయకు. సెన్సర్ కొనకి ఏదీ తగలనివ్వకు. కింద పడితే లోపలి పింగాణీ చిట్లుతుంది, పైకి కనపడదు, పడేసినదాన్ని బిగించకు. మొదటి చుట్లు చేత్తోనే తిప్పు, తర్వాత 40 న్యూటన్-మీటర్ల చుట్టూ బిగించు. తీగని పాత క్లిప్పుల్లోనే నడిపించు.

కోడ్ చెరిపేశాక ఇరవై డాలర్ల బ్లూటూత్ స్కానర్‌లో చూసి కంగారుపడకు. యూట్యూబ్‌లో చూపించే పైకీ కిందకీ ఊగే గీత పాత రకం సెన్సర్‌ది. టొయోటా ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్ 3.3 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. కదలడం లేదని దాన్ని వాపసు ఇచ్చి ఇంకోటి కొన్నవాళ్ళు ఉన్నారు.

రేపెప్పుడైనా పి0420 వస్తే వెనక సెన్సర్ మీద పడకు. ఆ కోడ్ కన్వర్టర్ గురించి, సెన్సర్ కబురు మోసేది మాత్రమే. ముందు ఎగ్జాస్ట్ గొట్టంలో లీకు వెతుకు.

అక్రన్ ఉన్నది సమ్మిట్ కౌంటీలో, అక్కడ ఈ-చెక్, అంటే బళ్ళ పొగ పరీక్ష, ఉంటుంది. గడువులూ మినహాయింపులూ వాళ్ళ సైట్‌లో చూసుకో. కోడ్ చెరిపిన వెంటనే మాత్రం పోకు. కంప్యూటర్ తన పరీక్షలు మళ్ళీ పూర్తిచేసుకోవాలి, లేకపోతే ‘రెడీ కాలేదు’ అని వెనక్కి పంపుతారు. కొన్ని రోజులు చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, ఊళ్ళోనూ హైవే మీదా కలిపి నడుపు. అదే స్కానర్‌లో ఆ పరీక్షలు ఎంతవరకు వచ్చాయో చూపే రెడీనెస్ పేజీ ఉంటుంది, అందులో అన్నీ పూర్తయ్యాకే వెళ్ళు. బిల్లు పారేయకు, డెన్సోకి వారంటీ ఉంటుంది.