మీ డ్రమ్ములో నీళ్లే పోయించండి

ప్రశ్న: బాలానగర్‌లో మాది చిన్న సీఎన్‌సీ షెడ్డు, కంప్యూటర్‌తో నడిచే యంత్రాలతో లోహం కోస్తాం. కోతలో వేడి తగ్గించడానికి పోసే కూలెంట్, అంటే నూనె కలిపిన నీళ్లు, వాడేశాక పాలలా తెల్లగా, నెలకు రెండు డ్రమ్ములు పోగవుతాయి. మొన్న ఒకాయన వచ్చి నీళ్లూ డీజిలూ కలిపి, పూత పూసిన స్టీలు జాలీలో పోశాడు. నీళ్లు దిగిపోయాయి, డీజిల్ పైనే ఆగింది. ఆ జాలీ కొనమంటారా?

జవాబు: ఆయన చూపించింది మోసమేం కాదు. కానీ అవి మీ నీళ్లు కావు. డీజిల్‌ని కాసేపు వదిలేస్తే తనంతట తనే తేలుతుంది. కూలెంట్‌లో నూనెని సబ్బులాంటి ఎమల్సిఫయర్ పట్టి ఉంచుతుంది. ఒక్కో నూనె చుక్క మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ. జాలీ కన్నాలు పదుల మైక్రాన్లు. పాలు పాలలాగే దిగిపోతాయి.

ఆ జాలీ కిటుకు మాత్రం ముచ్చటైనదే. రాంనగర్ చేపల మార్కెట్‌లో రవ్వ చేప పొలుసు ఒకటి అడగండి. నీళ్లగిన్నెలో ముంచి, దాని అడుగున సిరంజితో నూనె చుక్క వదలండి. పూసలా గుండ్రంగా నిలుస్తుంది, పొలుసు కాస్త వంచగానే జారి పైకి తేలుతుంది. పొలుసు పట్టుకున్న నీటి పొరే నూనెని అంటనివ్వదు. జాలీ పూతదీ ఇదే పని. చైనా శాస్త్రవేత్తలు 2009లో ఈ సంగతి ప్రచురించారు. ఎండిన పొలుసుకైతే నూనె ఇట్టే పట్టేస్తుంది. మెంబ్రేన్‌తోనూ, అంటే సన్న రంధ్రాల వడపోత పొరతోనూ, తడే ప్రాణం. నేను పనిచేసిన ఒక ప్లాంటులో సంక్రాంతి సెలవుల్లో మెంబ్రేన్ ఉండే మాడ్యూల్ ఎండిపోయింది. తిరిగొచ్చాక నాలుగు రోజులు కడిగినా నీళ్లు సగం కూడా రాలేదు. తిట్లు మాత్రం పూర్తిగా వచ్చాయి.

మీ నీళ్లకు పనికొచ్చేది అల్ట్రాఫిల్ట్రేషన్, అంటే అలాంటి మెంబ్రేన్‌తో వడకట్టడం. రంధ్రాలు 0.01 నుంచి 0.1 మైక్రాన్. నీళ్లు పొర మీదుగా వేగంగా పారుతుంటాయి, లేకపోతే నూనె పేరుకుని మూసుకుపోతుంది. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ పొరలు చవక. అల్యూమినా, జిర్కోనియా సిరామిక్ గొట్టాలు బాగా ఖరీదు, కానీ వేడి కాస్టిక్ సోడాతో కడిగినా తట్టుకుంటాయి. ఎందులో వడకట్టినా చివర్లో చిక్కటి నూనె మిగులుతుంది, దాన్నీ మీరే వదిలించుకోవాలి.

రెండు డ్రమ్ములకు ఇంత తతంగం అక్కర్లేదు. యంత్రాల నుంచి కారి కూలెంట్ పైన తేలే ఆయిల్‌ని బెల్ట్ స్కిమ్మర్‌తో (నూనెని అంటించుకుని పైకి తెచ్చే తిరిగే బెల్టు) తీసేయండి, కూలెంట్ ఎక్కువ రోజులొస్తుంది. మిగిలింది అనుమతి ఉన్న ఏజెన్సీకి ఇచ్చి రసీదు దాచుకోండి. డ్రైనేజీలో మాత్రం పోయకండి. అందులోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, మీ కూలెంట్‌లో అది వేలల్లో ఉంటుంది.

అప్పటికీ మనసు లాగితే ఆయన్ని మళ్లీ పిలవండి. మీ డ్రమ్ములోంచి ఓ మగ్గు ముంచి చేతికివ్వండి. డీజిల్ సీసా మాత్రం బైకు డిక్కీలోనే ఉంచమనండి.