జడ్ ట్రాన్స్‌ఫామ్ పరీక్షకేనా, ఉద్యోగంలో ఎక్కడైనా వాడతారా?

పార్షియల్ ఫ్రాక్షన్లు, లాంగ్ డివిజన్ అన్నీ వచ్చు, మార్కులూ పడుతున్నాయి, అయినా ఇదంతా దేనికో తెలియడం లేదన్నారు మీరు. ఫోరియర్ ఉండగా ఇంకోటి ఎందుకని, ప్రతి జవాబు పక్కనా ఆ ఆర్‌ఓసీ (ట్రాన్స్‌ఫామ్ కూడిక తేలే జడ్ విలువల ప్రాంతం) ఎందుకు రాయాలని కూడా అడిగారు.

వాడతారండీ. జడ్ ట్రాన్స్‌ఫామ్ అంటే శాంపిళ్ల (సిగ్నల్‌ని సమాన వ్యవధుల్లో కొలిచిన విలువల) వరసని జడ్ అనే కాంప్లెక్స్ సంఖ్యలో ఒక ఫార్ములాగా మార్చడం. నేను బాలానగర్‌లో ఈసీజీ మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఫిల్టర్లు రాస్తాను. ఇన్వర్స్ ట్రాన్స్‌ఫామ్ చేత్తో చేసే అవసరం మాకు రాదు. పోల్-జీరో బొమ్మ (ఆ ఫార్ములా సున్నా అయ్యే చోట్లు జీరోలు, అనంతమయ్యే చోట్లు పోల్స్) లేకుండా మాత్రం పని నడవదు. కాలేజీలో దీన్ని తలకిందులుగా చెబుతారని నా అభిప్రాయం. అక్కడ సిగ్నల్ ఇచ్చి ట్రాన్స్‌ఫామ్ కనుక్కోమంటారు. ఇక్కడ ముందు జడ్ ప్లేన్ మీద ఆ చుక్కలు పెట్టి, వాటి నుంచి కోడ్ రాస్తాం.

ఈసీజీ సిగ్నల్ ఎత్తు ఒక మిల్లీవోల్ట్ అటూ ఇటూ. మన కరెంటేమో 50 హెర్ట్జ్. గోడల్లోని వైరింగ్ నుంచి ఆ హమ్ పేషెంట్ ఒంటి మీదుగా లీడ్లలోకి దూరుతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని పాత నర్సింగ్‌హోమ్‌లో గీత మొత్తం రంపం పళ్లలా వస్తుంది. దాన్ని తీసేయాలి.

సెకనుకు 500 శాంపిళ్లు తీస్తున్నాం అనుకోండి. యూనిట్ సర్కిల్ (జడ్ ప్లేన్ మీద రేడియస్ 1 ఉన్న వృత్తం) చుట్టూ ఒక పూర్తి చుట్టు 500 హెర్ట్జ్ అవుతుంది కాబట్టి 50 హెర్ట్జ్ ఉండేది 36 డిగ్రీల దగ్గర. సరిగ్గా అక్కడ, సర్కిల్ మీదే, ఒక జీరో పెట్టండి. గుణకాలు రియల్‌గా రావాలంటే మైనస్ 36 దగ్గర ఇంకొకటి కావాలి. కాస్ 36కి రెట్టింపు 1.618 (అవును, గోల్డెన్ రేషియోనే). దాంతో లవంలో 1, −1.618, 1 వస్తాయి. 50 హెర్ట్జ్ సున్నా అయిపోతుంది, కానీ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలు కూడా నలిగిపోయి గుండె చప్పుడు ఆకారమే మారిపోతుంది. అందుకని అదే కోణంలో, కాస్త లోపలికి, 0.95 రేడియస్‌లో రెండు పోల్స్ పెడతాం. 50 హెర్ట్జ్‌కి దూరంగా ఉన్న ఫ్రీక్వెన్సీ నుంచి చూస్తే పోల్, జీరో దాదాపు సమాన దూరంలో ఉంటాయి, నిష్పత్తి ఒకటికి దగ్గరగా వస్తుంది. దగ్గరికి వచ్చినప్పుడే జీరో గెలుస్తుంది. ఇప్పుడు కోడ్ (ఎక్స్ లోపలికి వచ్చే శాంపిల్, వై బయటికి వచ్చేది):

వై[ఎన్] = ఎక్స్[ఎన్] − 1.618 ఎక్స్[ఎన్−1] + ఎక్స్[ఎన్−2] + 1.537 వై[ఎన్−1] − 0.9025 వై[ఎన్−2]

జడ్ ఇన్వర్స్ అంటే ఒక శాంపిల్ వెనక్కి, అంతే. జడ్ విలువ 1 పెట్టి చూస్తే డీసీ గెయిన్ (మారకుండా నిలిచే సిగ్నల్ ఎన్ని రెట్లవుతుందో) 1.045 వస్తుంది. ఔట్‌పుట్‌ని 0.957తో గుణిస్తే సరిపోతుంది.

అసలు బేరమంతా ఆ రేడియస్ దగ్గరే. 0.95తో నాచ్ (50 హెర్ట్జ్ దగ్గర కోసేసిన గాడి) వెడల్పు సుమారు 8 హెర్ట్జ్, 0.99తో 1.6 హెర్ట్జ్. కొత్తగా చేరినవాళ్లందరూ 0.99 పెడతారు, ఎందుకంటే మ్యాగ్నిట్యూడ్ ప్లాట్‌లో నాచ్ సన్నగా, అందంగా కనిపిస్తుంది. కానీ 0.99 పోల్ మోగించిన మోత మూడో వంతుకు తగ్గేసరికి 100 శాంపిళ్లకు పైనే, అంటే 0.2 సెకన్లు దాటుతుంది. క్యూఆర్ఎస్ శిఖరం (ఈసీజీలో ప్రతి గుండె చప్పుడుకీ వచ్చే నిటారు మొన) వెళ్లిపోయాక ఆ మోత, ఎత్తు తక్కువే అయినా, దాని వెనకే వచ్చే ఎస్‌టీ సెగ్మెంట్ మీద పడుతుంది. గుండెపోటు కోసం డాక్టర్ చూసేది ఆ ముక్కనే. 0.95 అయితే మోత సుమారు 40 మిల్లీసెకన్లలో అంతే తగ్గుతుంది, కాకపోతే శిఖరం కొంచెం అరుగుతుంది. పోల్ సర్కిల్‌కి ఎంత దూరంలో ఉందో ఒక్క చూపు చూస్తే ఇదంతా చెప్పేయొచ్చు.

ఫోరియర్ అంటే జడ్‌ని ఆ సర్కిల్ మీద మాత్రమే తిప్పి చూడటం. పోల్ 1.01 దగ్గరికి జరిగితే, ఫిల్టర్ మామూలుగా ముందుకే నడిచేది అయితే, ఇంపల్స్ రెస్పాన్స్ (ఒకే ఒక్క శాంపిల్‌తో తట్టితే ఫిల్టర్ ఇచ్చే జవాబు) పెరుగుతూనే పోతుంది, దానికి ఫోరియర్ కూడిక తేలదు. జడ్ ప్లేన్‌లో మాత్రం ఆ పోల్ సర్కిల్ బయట కూర్చుని కనబడుతుంది.

ఆర్‌ఓసీ సంగతి. 0.95 రేడియస్‌తో ముందుకు నడిచే ఫిల్టర్‌కి పోల్స్ సర్కిల్ లోపల, ఆర్‌ఓసీ వాటికి బయట. లైవ్ మానిటర్‌లో ఇదొక్కటే సాధ్యం, రాబోయే శాంపిల్ చేతిలో ఉండదు కాబట్టి. హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించుకునే ఈసీజీ రికార్డర్) అలా కాదు. 24 గంటల రికార్డింగ్ మొత్తం ఫైల్‌లో ఉంది. అందుకని అదే ఫిల్టర్‌ని ఒకసారి ముందుకు, ఇంకోసారి చివరి నుంచి వెనక్కి నడుపుతాం, ఫేజ్ రద్దయిపోతుంది. వెనక్కి నడిపిన దాని పోల్స్ 1.053 దగ్గర, సర్కిల్ బయట ఉంటాయి. అయినా అది స్టేబుల్, ఎందుకంటే దాని ఆర్‌ఓసీ పోల్స్‌కి లోపలి వైపు. రెండూ కలిస్తే మిగిలేది 0.95కీ 1.053కీ మధ్య రింగు, అందులో యూనిట్ సర్కిల్ ఉంది. ఆర్‌ఓసీ రాయకపోతే అదే ఫార్ములాకి ముందుకు నడిచి పేలిపోయే ఫిల్టర్ కూడా జవాబే. గేట్ ప్రశ్నల్లో ఇరికించేది కూడా ఇక్కడే.

మీ సార్ చరిత్ర చెప్పకపోయి ఉంటే: శాంపుల్డ్ డేటా సిస్టమ్స్ మీద 1952లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన రగజ్జిని, జాదే రాసిన పేపర్‌తో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆ జాదేనే 1965లో ఫజ్జీ సెట్స్ తెచ్చినాయన.

కొత్త పుస్తకం కొనకండి. కోఠిలో ఫుట్‌పాత్ మీద దొరికే పాత డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) పుస్తకం ఏదైనా చాలు. పైథాన్‌లో పై కోడ్ రాసి, రేడియస్ 0.9, 0.95, 0.99, 1.01 మారుస్తూ ఒక్కో ఇంపల్స్ ఇచ్చి ప్లాట్ చేయండి. తర్వాత ఇంట్లో ఫ్రిజ్ హమ్‌ని ఫోన్‌లో 48,000 శాంపిళ్ల రేటుతో రికార్డ్ చేసి, 50 హెర్ట్జ్‌కి అదే నాచ్ కట్టి చూడండి. కోణం 0.375 డిగ్రీలే వస్తుంది. రేడియస్ అదే 0.95 ఉంచితే 50 హెర్ట్జ్‌తో పాటు ఇంకేమేం పోతాయో వింటారు. ముందు డౌన్‌శాంపిల్ చేయాలా, రేడియస్ మార్చాలా అన్నది బొమ్మ గీసి తేల్చుకోండి, లెక్క కుదరకపోతే కింద కామెంట్లో పెట్టండి.